చిన్నత్తయ్య కన్ను, మా మేడ మీది క్యారెట్

ఈ భోగినాడు మా మేడ మీద క్యారెట్లు తవ్వుకున్నాం. తవ్వుకున్నాం అంటే ఏదో ఎకరాల లెక్క అనుకునేరు, ఆరు గ్రోబ్యాగులంతే. భోగిమంట చల్లారి, పిల్లల తలంట్లు అయ్యాక అందరం పైకెళ్ళాం. ఆకు మొదట్లో పట్టుకుని మెల్లగా లాగితే తడిమట్టి వాసనతో ఒక్కొక్కటే పైకి వచ్చింది. అన్నీ కలిపి రెండు కిలోలకు కాస్త తక్కువ. మా వారు విత్తనాల ఖర్చు, మట్టి ఖర్చు లెక్క వేయబోతే "పండగపూట లెక్కలు వద్దు" అని ఆపేశాను.

వాటిలో ఒకటి రెండు కాళ్ళుగా చీలి, కాలు మీద కాలు వేసుకున్నట్టుగా వచ్చింది. మా పాప నవ్వుకుంటూ దాన్ని తీసుకెళ్ళి చిన్నత్తయ్య చేతిలో పెట్టింది. చిన్నత్తయ్య అంటే మా అత్తయ్యగారి చెల్లెలు. ఏటా పండక్కి మా ఇంటికే వస్తారు. ఆవిడకు ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. కుడికన్ను కూడా అంతంతమాత్రమే. ఆ దుంపను వేళ్ళతో తడిమి చూసి, "దీనికి కాళ్ళున్నాయే!" అని మురిసిపోయారు.

అప్పుడంది మా పాప. "నానమ్మా, క్యారెట్ తింటే కళ్ళు బాగుంటాయని మా టీచర్ చెప్పింది. చిన్ననానమ్మ చిన్నప్పుడు క్యారెట్లు తిని ఉంటే కన్ను పోయేది కాదు కదా?"

ఐదో తరగతి పిల్ల. మనసులో ఏ కల్మషమూ లేకుండా అడిగింది. చిన్నత్తయ్య నవ్వేసి ఊరుకున్నారు గానీ, మా అత్తయ్య మొహం చిన్నబోయింది. "మా ఊళ్ళో క్యారెట్లెక్కడివే" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కనుమనాడు ఇద్దరం గారెలు వండుతుంటే, నేనేమీ అడక్కుండానే ఆవిడే చెప్పుకొచ్చారు. నేనీ ఇంటికొచ్చి పద్నాలుగేళ్ళయింది, ఈ సంగతి ఎప్పుడూ వినలేదు.

వాళ్ళది పొన్నూరు దగ్గర పల్లె. 1955 ప్రాంతం. అత్తయ్యకు అప్పుడు తొమ్మిదేళ్ళు, చెల్లెలికి నాలుగు. ఆ ఏడు పిల్ల పొద్దుగూకేసరికి గుమ్మాలకు కొట్టుకునేది, కంచంలో అన్నం తడుముకుంటూ తినేది. పొద్దున లేచాక మామూలుగానే ఆడుకునేది కాబట్టి అల్లరి అనుకున్నారు. ఒకరోజు అసురసంధ్య వేళ అత్తయ్య ఆ పిల్లను చంకనేసుకుని చింతతోపులోకి కాయల కోసం వెళ్ళారు. వారం తిరక్కుండా పిల్లకు తట్టు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. చప్పిడి పథ్యం పెట్టారు. నూనె, నెయ్యి, కూర ఏదీ తగలనివ్వలేదు. తట్టయితే తగ్గింది గానీ, కంట్లో పువ్వు వేసింది.

"సంధ్యవేళ పసిదాన్ని తోపులోకి తీసుకెళ్ళావు, గాలి సోకింది" అని వాళ్ళ నాయనమ్మ అన్నదట. ఆ ఒక్క మాట ఈవిడ డెబ్బై ఏళ్ళుగా మోస్తున్నారు. చెల్లెల్ని ప్రతి పండక్కీ పిలిపించుకోవడం, ఆవిడ విస్తట్లోకి తన గారె తీసి వేయడం, ఇవన్నీ నేను ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కానీ అందులో ఇంకోటి కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

నేను చదివింది బీకాం. చరిత్ర, సైన్సు నా సబ్జెక్టులు కావు. అయినా పాప అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. క్యారెట్ తింటే కళ్ళకు మంచిదని మనందరం పిల్లలకు చెప్తాం. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలీ క్యారెట్ మన వంటింట్లోకి ఎలా వచ్చింది? మధ్యాహ్నాలు ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను. చదివింది మీతో పంచుకుంటున్నాను.

మా ఇంట్లో పెద్దవాళ్ళు క్యారెట్‌ను ఇంగ్లీషు కూరగాయ అనేవాళ్ళు. బీన్సు, క్యాబేజీ, క్యారెట్ మూడూ ఒకే గాటన. కానీ క్యారెట్ పుట్టిల్లు ఇంగ్లండు కాదు. అడవి క్యారెట్ వేరు తెల్లగా, సన్నగా, పీచుగా ఉంటుంది. పాతకాలంలో దాని గింజల్ని మందుకు వాడేవాళ్ళు. దాన్ని సాగుచేసి కండపట్టిన దుంపగా మార్చింది ఇప్పటి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ ప్రాంతాల రైతులని, అది సుమారు వెయ్యేళ్ళ కిందటి మాటని పండితులు చెప్తున్నారు. ఆ తొలి క్యారెట్లు నారింజరంగువి కావు. కొన్ని ఊదారంగు, కొన్ని పసుపు.

అక్కణ్ణుంచి అది రెండు దారులు పట్టింది. ఒకటి తూర్పుకు. ఉత్తరాదిలో చలికాలం బళ్ళ మీద పోసి అమ్మే ఎర్ర గాజర్, హల్వాకి వాడేది, ఆ దారిదే. దాని ఎరుపు టమాటాలో ఉండే లైకోపీన్ వల్ల వచ్చింది. రెండో దారి పడమటికి. అరబ్బుల వెంట స్పెయిన్ చేరింది. 12వ శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్న్ అల్-అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో క్యారెట్ సాగు గురించి రాశాడు. అక్కణ్ణుంచి యూరప్ అంతా పాకింది. మనకిప్పుడు తెలిసిన నారింజరంగు క్యారెట్‌ను స్థిరపరిచింది 17వ శతాబ్దపు డచ్చి తోటమాలులు. వాళ్ళ రాజవంశం పేరు ఆరెంజ్ కాబట్టి రాజభక్తితో ఆ రంగు పండించారని ఒక కథ ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారాలేమీ లేవు. తియ్యగా ఉందని, వండితే కూర రంగు మారలేదని పెంచి ఉంటారు. ఇంటామె మెచ్చిన కూరే కదా మళ్ళీ మళ్ళీ తోటలో పడేది!

ఈ రెండు దారుల సంగతి నాకు మేడ మీదే అనుభవమైంది. నిరుడు నాలుగు క్యారెట్లు తవ్వకుండా విత్తనానికని వదిలేశాను. ఫిబ్రవరి దాటింది, మార్చి వచ్చింది, ఆకు పెరుగుతుందే గానీ పువ్వు లేదు. ఎండలకు అదీ మాడిపోయింది. యూరప్ రకాలకు రెండేళ్ళ బతుకు. మొదటి ఏడు దుంప, మధ్యలో వారాల తరబడి గట్టి చలి, ఆ తర్వాతే పువ్వు. హైదరాబాదు చలి దానికేం సరిపోతుంది! తూర్పు రకాలు అలా కాదు, మైదానాల్లోనే పూసి గింజ కడతాయి. అందుకే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవాళ్ళు మన ఎర్ర క్యారెట్‌ను ఫ్రెంచి ఊరి పేరున్న నాంటెస్ రకంతో కలిపి 'పూసా కేసర్' తయారుచేశారు. వెయ్యేళ్ళ కింద విడిపోయిన అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఒక మడిలో కలిశారన్నమాట.

పెంచాలనుకునేవాళ్ళకు నా అనుభవం కూడా చెప్తాను. మొదటి ఏడు నేను వంకాయ నారులాగా నారు పోసి, పీకి నాటాను. ఒక్కటీ సరిగ్గా రాలేదు, అన్నీ మా పాప బొమ్మల్లా కాళ్ళూ చేతులతో వచ్చాయి. క్యారెట్ మొదట దింపే సన్నటి తల్లివేరే తర్వాత దుంప అవుతుంది. అది తెగితే, రాయి తగిలితే, పచ్చి పేడ తగిలితే చీలిపోతుంది. అందుకని విత్తనం నేరుగా బ్యాగులోనే వేయాలి. అడుగు లోతు బ్యాగు, జల్లించిన మట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు. దసరా వెళ్ళాక గింజల్ని పొడి ఇసుకలో కలిపి చల్లాను. పైన తడి గోనెపట్ట కప్పి రోజూ నీళ్ళు చిలకరిస్తే పది పన్నెండు రోజులకు మొలిచాయి. మొలక కనబడగానే పట్ట తీసేయాలి. వేలెడెత్తు వచ్చాక రెండేసి అంగుళాలకొకటి ఉంచి మిగతావి పీకేయాలి. ప్రాణం ఒప్పదు గానీ తప్పదు. దుంప భుజం మట్టిపైన కనబడితే మళ్ళీ మట్టి ఎగదోయాలి, లేకపోతే అక్కడ ఆకుపచ్చగా మారి చేదెక్కుతుంది. మూడు నెలల పైచిలుకుకి సంక్రాంతి, క్యారెట్టూ ఒకేసారి వస్తాయి.

సరే, కళ్ళ సంగతికి వస్తాను. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్యారెట్ రసంలోంచి ఒక రంగుపదార్థాన్ని వేరుచేశాడు. క్యారెట్‌లోంచి వచ్చింది కాబట్టి కెరోటిన్ అన్నాడు. నూరేళ్ళ తర్వాత, 1930లో, థామస్ మూర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఒంట్లోకి వెళ్ళిన కెరోటిన్ విటమిన్ ఏగా మారుతుందని నిరూపించాడు. చీకట్లో చూడటానికి కంటికి ఆ విటమిన్ కావాలి. అది కరువైతే ముందు రేచీకటి, ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోవచ్చు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఈ కెరోటిన్ ఒక్క క్యారెట్ సొత్తు కాదు. తోటకూరలో ఉంది, మునగాకులో ఉంది, కరివేపాకులో ఉంది. ఆకు పచ్చదనం దాన్ని కప్పేస్తుంది కాబట్టి కంటికి కనబడదు, అంతే. మొదట దాన్ని పట్టుకున్నవాడి చేతిలో ఉన్నది క్యారెట్ కాబట్టి పేరు దానికి దక్కింది.

పేరు తర్వాత ప్రచారం. అది రెండో ప్రపంచయుద్ధం తెచ్చిపెట్టింది. 1940 జనవరిలో బ్రిటన్‌లో పంచదార, వెన్న, బేకన్ మాంసం రేషన్‌లోకి వెళ్ళాయి. ఓడల్లో సరుకు రావడం కష్టమైంది. పెరట్లో కూరలు పండించుకోండని సర్కారు ఊరూరా చెప్పింది. క్యారెట్లు ఆ చల్లటి నేలలో బాగా పండాయి, అవసరాన్ని మించి పండాయి. వాటిని ఎలా చెల్లించాలి? ఆహారశాఖ 'డాక్టర్ క్యారెట్' అని ఒక బొమ్మను పుట్టించింది. పంచదార బదులు క్యారెట్ తీపితో కేకులు, జాములు ఎలా చేయాలో ఇల్లాళ్ళకు నేర్పింది. ఐస్‌క్రీమ్ లేని పిల్లలకు పుల్లకు గుచ్చిన క్యారెట్ ఇచ్చేవాళ్ళు.

ఇంకో పక్క, రాత్రిపూట శత్రు విమానాల్ని కూల్చేస్తున్న పైలట్లు క్యారెట్లు తిని చూపు పెంచుకున్నారని కథలు వచ్చాయి. జాన్ కన్నింగ్‌హామ్ అనే పైలట్‌కు 'పిల్లి కళ్ళు' అని పేరే పెట్టారు. అసలు సంగతి, వాళ్ళ విమానాల్లో అప్పుడే కొత్తగా రాడార్ అమర్చారు. అది బయటికి పొక్కకూడదు. జర్మన్లు ఆ కథ నమ్మారో లేదో గానీ, దీపాలార్పిన వీధుల్లో తడుముకుంటూ నడిచే జనం మాత్రం నమ్మారు. మా పాప టీచరు చెప్పిన మాటకు ఇంత బలం రావడం వెనక ఈ యుద్ధపు వంటింటి చేయి చాలానే ఉంది. విటమిన్ లోపం ఉన్నవాళ్ళకు క్యారెట్ మేలు చేస్తుంది. లోపం లేనివాళ్ళు బస్తా తిన్నా పిల్లి కళ్ళు రావు, కళ్ళజోడు ఊడదు.

మరి అదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతోంది? ఇక్కడ కూడా కథ క్యారెట్ కొండలకే వెళ్తుంది. మనం ఊటీ క్యారెట్ అంటాం కదా, ఆ నీలగిరుల్లో 1820ల నుంచి కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ చొరవతో యూరప్ కూరగాయల సాగు మొదలైంది. ఆ కొండల్లోనే, కూనూరులో, 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒకే ఒక్క గదిలో పోషకాహార పరిశోధన మొదలుపెట్టాడు. 1937లో అక్కడి డైరెక్టరు ఐక్రాయిడ్ మన దేశపు తిండిగింజలు, ఆకులు, కాయల్లో ఏమేం పోషకాలున్నాయో పట్టికగా అచ్చువేయించాడు. చుట్టూ క్యారెట్ మడులు పెట్టుకుని, వాళ్ళు మన తోటకూరనూ కొలిచారు! ఆ సంస్థే 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చింది. ఇప్పుడు మనం జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది అదే. మా ఇంటి నుంచి బస్సులో ఎన్నోసార్లు దాని గేటు ముందు నుంచే వెళ్ళాను, లోపల ఏం చేస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సంస్థవాళ్ళు తర్వాత వేసిన పాత పట్టిక ఒకటి చూశాను. నూరు గ్రాములకు కెరోటిన్ ఎంతో మైక్రోగ్రాముల్లో ఇచ్చారు. క్యారెట్ 1890. అవిసె ఆకు 5400. తోటకూర 5520. మునగాకు 6780. కరివేపాకు 7560. నా కళ్ళను నేనే నమ్మలేక రెండుసార్లు చూశాను. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. రకాన్ని బట్టి, కొలిచే పద్ధతిని బట్టి ఈ అంకెలు మారతాయి. ఆకులోని కెరోటిన్‌ను ఒళ్ళు అంత తేలిగ్గా పీల్చుకోదు. నూరు గ్రాముల కరివేపాకు ఎవరం తినం. దుంపైనా ఆకైనా వండి, కాస్త నూనో నెయ్యో తగిలితేనే ఒంటికి పడుతుంది. అయినా సరే, పేరు లేని ఆకులు పేరున్న దుంపకు ఏమాత్రం తీసిపోవు.

మా కంటి డాక్టరుగారి దగ్గరికి అత్తయ్యను శుక్లాల పరీక్షకు తీసుకెళ్ళినప్పుడు చిన్నత్తయ్య సంగతి అడిగాను. "డెబ్బై ఏళ్ళ తర్వాత ఖాయంగా చెప్పలేనమ్మా, కానీ మీరు చెప్పిన వరుస అదే. రేచీకటి మొదటి గుర్తు. తట్టు వస్తే ఒంట్లో మిగిలిన కాస్త విటమిన్ ఏ కూడా హరించుకుపోతుంది. దానిమీద పథ్యం పెడితే కన్ను తట్టుకోలేదు" అన్నారు. 1970 నుంచి మన ప్రభుత్వం చిన్నపిల్లలకు ఆరేసి నెలలకోసారి విటమిన్ ఏ మందు పోయించడం మొదలుపెట్టింది. దానికి దారి చూపిన పరిశోధన ఆ తార్నాక సంస్థలో జరిగిందే. ఇప్పుడు తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటే తొలి మోతాదు పోస్తారు. మా పాపకు పోయించినప్పుడు అది సగం నా చీర మీదికి ఊసింది. ఆ పసుపు మరక ఎంతకీ పోలేదని విసుక్కున్నాను కూడా. దాని వెనక ఇంత కథ ఉందని అప్పుడు తెలియదు.

ఆటోలో ఇంటికి వస్తుంటే అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అయితే తోపులోకి తీసుకెళ్ళినందుకు కాదన్నమాట" అన్నారు.

"కాదత్తయ్యా. అప్పటికే దానికి రేచీకటి ఉంది కదా. మీరు తీసుకెళ్ళినా తీసుకెళ్ళకపోయినా ఒకటే."

ఆవిడ మనసు తేలిక పడుతుందనుకున్నాను. కాసేపటికి కొంగుతో కళ్ళొత్తుకుంటూ అన్నారు, "మా ఊరి చుట్టూ తమలపాకు తోటలే అమ్మాయ్. ఆ తీగలన్నీ పాకేది అవిసె చెట్ల మీదే. ఆకు దూసి మోపులు మోపులు గేదెలకు వేసేవాళ్ళం."

నా దగ్గర జవాబు లేదు. మన పెద్దవాళ్ళకు అన్నీ తెలుసు అని నేను కూడా చాలాసార్లు అన్నదాన్నే. తెలిసినవి చాలా ఉన్నాయి, తెలియనివీ ఉన్నాయి. ఆ పథ్యం పెట్టిన నాయనమ్మ దుర్మార్గురాలు కాదు, మనవరాలు బతకాలనే పెట్టింది. ఇంగ్లండులో ఇంటింటికీ క్యారెట్ గొప్పతనం చాటారు. ఆ రోజుల్లో మన కూనూరులో అచ్చయిన పట్టిక ఇంగ్లీషులో ఉంది, కొండ మీద ఉంది. పొన్నూరు పక్క పల్లెలో గేదెల ముందు ఆకు వేస్తున్న ఆడవాళ్ళకు ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు?

మొన్న చిన్నత్తయ్యకు ఫోన్ చేసి అత్తయ్యే ఇదంతా చెప్పారు. స్పీకర్ పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. అటువైపు నుంచి ఆవిడ అంతా విని, "అదంతా నాకేం గుర్తుందక్కయ్యా. ఆ రోజు చింతకాయలు నాకే ఎక్కువ పెట్టావు, అదొక్కటే గుర్తు" అన్నారు.

ఈ ఏడు మళ్ళీ క్యారెట్లు వేస్తాను. తియ్యటి దుంప, పిల్లలకు ఇష్టం, మన మడిలో పండింది పచ్చిగా కొరికితే ఆ రుచే వేరు. కానీ ఆకు పారేయను. లేత క్యారెట్ ఆకు కందిపప్పులో వేసి, ఇంగువ, ఎండుమిర్చి పోపు పెట్టి చేశాను. కాస్త వగరు తగిలినా నెయ్యి వేసుకుంటే బాగుంది. పక్కనే ఒక డ్రమ్ములో మునగ పెట్టాను. ఇంకోదానిలో అత్తయ్య తనే ఏవో గింజలు పూడ్చి రోజూ నీళ్ళు పోస్తున్నారు. నేనేమిటని అడగలేదు. నిన్న మొలక వచ్చింది, అవిసె.